శిక్ష ఏడేళ్లు, దారి ఒకవైపే

1830 ఆగస్టు చివర్లో ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, కాంటర్‌బరీ దగ్గరి లోయర్ హార్డ్రెస్ అనే పల్లెలో కూలీలు ఒక నూర్పిడి యంత్రాన్ని ముక్కలు చేశారు. చలికాలంలో అక్కడి వ్యవసాయ కూలీకి దొరికే ముఖ్యమైన పని నూర్పిడి. కొట్టాం నేల మీద పనలు పరిచి, తోలుతో జతచేసిన రెండు కర్రలతో పగలంతా బాదితే గింజ రాలేది. ఒళ్లు హూనమయ్యే పనే, కానీ నెలల తరబడి ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. గుర్రాలతో తిప్పే యంత్రం ఆ కాస్త పనినీ ఊడబెరికింది. అప్పటికే కూలి రేట్లు పడిపోయి, చాలా కుటుంబాలు చర్చి పరగణా ఇచ్చే భృతి మీద బతుకుతున్నాయి.

కొన్ని నెలల్లో అల్లర్లు సస్సెక్స్, హాంప్‌షైర్, విల్ట్‌షైర్, బెర్క్‌షైర్ దాకా పాకాయి. దాదాపు 400 యంత్రాలు ధ్వంసమయ్యాయి. ‘కెప్టెన్ స్వింగ్’ సంతకంతో భూస్వాములకు బెదిరింపు ఉత్తరాలు వచ్చేవి. అలాంటి మనిషెవడూ లేడు. అల్లరిమూకల చేతిలో ఒక్క ప్రాణమూ పోలేదన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

సర్కారు మాత్రం అంత సంయమనం చూపలేదు. హోంమంత్రి లార్డ్ మెల్బోర్న్ హయాంలో వించెస్టర్, సాల్స్‌బరీ, రెడింగ్ వంటి చోట్ల ప్రత్యేక న్యాయస్థానాలు కూర్చున్నాయి. విచారణకు వచ్చినవాళ్లు దాదాపు 2,000 మంది. నూర్పిడి యంత్రం విరిస్తే గరిష్ఠ శిక్ష ఏడేళ్ల ద్వీపాంతరవాసం. గుంపుగా వెళ్లి డబ్బు అడిగితే అది దోపిడీ కిందికి వచ్చేది, దానికి ఉరి. 252 మందికి మరణశిక్ష పడగా, చివరికి 19 మందిని ఉరితీశారు. వాళ్లలో మిచెల్‌డెవర్‌కు చెందిన 19 ఏళ్ల హెన్రీ కుక్ ఒకడు. బ్యాంకర్ల కుటుంబానికి చెందిన బింగ్‌హామ్ బేరింగ్‌ను సుత్తితో కొట్టాడన్నది నేరం. ఆ దెబ్బకు పాడైంది ప్రధానంగా టోపీయే.

505 మందికి ద్వీపాంతరవాస శిక్ష పడింది, 481 మంది ఓడలెక్కారు. ఇద్దరు తప్ప అందరూ మగవాళ్లే. 1831 ఫిబ్రవరిలో పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరిన ‘ఎలైజా’ నాలుగు నెలలు కావస్తుండగా, మే 29న వాన్ డీమెన్స్ ల్యాండ్‌లోని హోబార్ట్ చేరింది. అదే నేటి టాస్మానియా. ‘ఎలియనార్’ మరికొందరిని సిడ్నీకి చేర్చింది. గుమాస్తాలు ఒక్కొక్కరి ఎత్తు, కళ్ల రంగు, మచ్చలు, వృత్తి చిట్టాలో రాసుకున్నారు. ఆ వృత్తి గడి వలసరాజ్యానికి బంగారమైంది. దుక్కి దున్నేవాళ్లు, కమ్మరులు, వడ్రంగులు! స్వదేశంలో బరువనిపించిన చేతుల కోసం ఇక్కడి భూస్వాములు ఎదురుచూస్తున్నారు. ఖైదీలను యజమానులకు అప్పగించేవారు. తిండి, బట్ట తప్ప జీతం ఉండేది కాదు. మిగతా ఖైదీలతో పోలిస్తే వీళ్లు బుద్ధిమంతులని గవర్నర్ జార్జ్ ఆర్థర్ కూడా ఒప్పుకున్నాడు.

1830ల నడిమికి క్షమాభిక్షలు వచ్చాయి. అయితే తీసుకెళ్లడానికి ఓడను మాట్లాడిన ప్రభుత్వం తిరుగు ప్రయాణానికి చార్జీ ఇవ్వలేదు. ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసినవాడి చేతిలో అంత సొమ్ము ఎక్కడిది? అందుకే ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. హాంప్‌షైర్ కూలీ జోసెఫ్ మేసన్ 1837లో ఇల్లు చేరగలిగిన కొద్దిమందిలో ఒకడు. అక్కడ గడిపిన ఏళ్లను స్వయంగా రాసిపెట్టాడు.