పాత సామానుతో గొలుసు యంత్రము

మన యిండ్లలో మూలబడిన వస్తువు లెన్నియో కలవు. విరిగిన సైకిలు చక్రము, అరిగిన బేరింగులోని గోళీలు, మోటారు మార్చినపుడు మిగిలిన గొట్టపు ముక్కలు, ఖాళీ నూనె డబ్బాలు, మక్క బెండ్లు మొదలగువానిని పాతసామానువానికి తూచి యిచ్చుటయో, దిబ్బపై పారవైచుటయో మనకు వాడుక. వీనితోడనే మన పిల్లలకు ప్రకృతి సూత్రములను, మనకు సహకార ధర్మమును బోధింపగల యంత్ర మొకటి నిర్మింపవచ్చునని సిద్దిపేట ప్రాంతపు రైతు సోదరులకు ఈ నెల మనవి చేయుచున్నాము.

దీనిని గొలుసు యంత్ర మనవచ్చును. గోళీ దొర్లి పలకను పడవేయును. పలక దారమును లాగును. దారము డబ్బాను వంచును. డబ్బాలోని నీరు తక్కెడయందలి ఒక పళ్లెమున పడగా రెండవ పళ్లెము లేచును. తుదకు గంట మ్రోగును. గంటను చేతితోనే మ్రోగింపరాదా యని కొంద రడుగుదురు. మ్రోగింపవచ్చును. కాని యిందు ఫలము గంట కాదు. అది మ్రోగువరకు నేర్చుకొనినదే ఫలము.

అమెరికా దేశమున రూబ్ గోల్డ్‌బర్గ్ (1883-1970) అను వ్యంగ్య చిత్రకారుడు సులభమైన పనికి పెక్కు చిక్కులుగల యంత్రములను చిత్రించి ప్రజలను నవ్వించెను. 1949లో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థులు అట్టివానిని నిజముగా నిర్మించి పోటీపడిరి. 1988లో ఆ పోటీ దేశమంతటికిని వ్యాపించెను. మన దేశమున అరవింద గుప్తా గారు పారవేసిన వస్తువులతో విజ్ఞానపు ఆటబొమ్మలు చేయు విద్యను వ్యాపింపజేసి 2018లో పద్మశ్రీ పురస్కారము నందిరి.

గొలుసు పని మనకు క్రొత్తది కాదు. మన పెద్దల మోటను తలచుకొనుడు. ఎడ్లు వాలుదారిని దిగగా మోకు లాగబడును, గిరక తిరుగును, బాన పైకి వచ్చును, తొండపు తాడు బిగిసి తొండము కాలువలోనికి చాచుకొనగా నీరు తనంతట పారును. అట్లే మన గొలుసుకట్టు చెరువులు: మీది చెరువు మత్తడి దుంకిన నీరు క్రింది చెరువును నింపును. కాని మీది కట్ట తెగినచో ఆ వరద క్రింది కట్టలకును ముప్పు తెచ్చును. మేలును కీడును ఒకే గొలుసున నడచును.

ఇక నిర్మాణ విధానము. పిల్లలను నలుగురేసి చొప్పున జట్లు చేయవలెను. ఒక్కొక్క జట్టు ఒక భాగమును చేయును. తన భాగములోనికి గోళీ ఏ యెత్తున వచ్చునో, ఏ యెత్తున వెడలునో పొరుగు జట్టుతో ముందే మాట్లాడుకొనవలెను. వరుసగా పలకలు నిలుపునపుడు ఒక్కొక్క పలక ముందుదానికి ఒకటిన్నర రెట్లు ఎత్తుగా నుండవచ్చును. 4 అంగుళముల పలక 6 అంగుళముల దానిని, అది 9 అంగుళముల దానిని పడవేయును. పెద్దదానిని నిలబెట్టుటకు మనము పడిన శ్రమ దానియందే దాగియుండును. చిన్నది దానిని విడుదల చేయును, అంతియే.

ప్రతి భాగమును పదిమారులు పరీక్షింపవలెను. పదింట తొమ్మిదిమారులు పనిచేసిన చాలునని తలపరాదు. పది భాగములు వరుసగా నున్నపుడు, ఒక్కొక్కటి పదింట తొమ్మిదిమారులే పనిచేసినచో, యంత్రమంతయు నూటికి సుమారు 35 మారులు మాత్రమే తుదిదాక నడచును. ఒక్కొక్కటి నూటికి 99 మారులు పనిచేసినచో మొత్తము నూటికి 90 మారులు నడచును. మఱియు భాగములు వేర్వేరుగా చక్కగా నడచినను, రెండు జట్ల నడిమి కూడలియొద్దనే తరచుగా ఆగిపోవును. అప్పుడు "మాది సరిగానే యున్నది" అని యిరువురును పలుకుదురు. ఇరువురును కలసి వంగి చూచినగాని తప్పు దొరకదు.

సోదరులారా, మన సంఘపు నడవడియు నిట్టిదే. ఒకరు బాకీ తీర్చినగదా వేరొకరికి అప్పు సులభముగా దొరకును. విత్తనము వేళకు వచ్చినగదా పంట వేళకు చేతికందును. పదిమంది సభ్యులలో ఒక్కొక్కరు కొంచెము ఆలసించినను సంఘమునకు కలుగు నష్టము కొంచెము కాదని పై లెక్కయే చెప్పుచున్నది. తప్పు ఎవరిదని వాదించుటకంటె కూడలియొద్ద కలసి వంగి చూచుట మేలు.

ఒక హెచ్చరిక. పురుగుమందుల డబ్బాలను, సీసాలను ఎన్నిమారులు కడిగినను పిల్లల కీయరాదు. విషము పూర్తిగా పోదు. పాత బ్యాటరీలు, పగిలిన గాజుగొట్టములు, మోటారు కెపాసిటర్లు దూరముగా నుంచవలెను. కెపాసిటరునందు కరెంటు తీసివేసిన పిదపను విద్యుచ్ఛక్తి నిలిచియుండవచ్చును.

వేసవి సెలవులలో ప్రతి గ్రామమందును సంఘ కార్యాలయపు ముంగిట ఇట్టి యంత్ర మొకటి నిలుపుదురుగాక. తుదిమెట్టున గంటకు బదులు వేపమొక్కకు చెంబెడు నీరు పడునట్లు చేసిన మరియు మంచిది. నడిమధ్య ఎన్నిమారులు ఆగినను పిల్లలను కసరకుడు. ఎచ్చట ఆగెనో వారినే వెదకనీయుడు. ఆట ముగిసిన పిదప సామాను విప్పి సంచిలో భద్రపరుపుడు; పై యేటి కది మరల పనికివచ్చును.