కార్జంలో గడ్డ – రంగుమందు చెప్పే కబురు

మా గూళూరులో కార్జం అంటే పొట్టేలు కూరలో పిల్లలు ఏరుకునే ముక్క. అది మనుషులకూ ఉందని, పుస్తకాల్లో దాన్నే కాలేయం అంటారని గుర్తొచ్చేది జబ్బు చేసినప్పుడే. పోయినేడు మా మేనత్తకు అల్ట్రాసౌండు తీస్తే కార్జంలో 'నాడ్యూల్' ఉందని రాసి, కాంట్రాస్టు ఎక్కించి సీటీ స్కాను తీయించమన్నారు. ఇంట్లోవాళ్ళు క్యాన్సరనే ఖాయం చేసేసుకున్నారు. "ఆ మందెక్కిస్తే ఒళ్ళు కాలిపోతుందంట, ఉత్త స్కాను చాలదామ్మీ?" అని అత్త మొండికేసింది. చాలదు. ఎందుకు చాలదో ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నాడ్యూల్ అంటే చిన్న గడ్డ, అంతే. ఉత్త స్కానులో చాలా గడ్డలు చుట్టూ ఉన్న కార్జంలో కలిసిపోతాయి. కనబడినా ఏ జాతి గడ్డో తేలదు.

కార్జానికి నెత్తురు రెండు దారుల్లో వస్తుంది. ఒకే మడికి చెరువు కాలువా, బోరు పైపూ రెండూ ఉన్నాయనుకోండి. పోర్టల్ సిర చెరువు కాలువ లాంటిది. ముప్పాతిక భాగం నెత్తురు దానిదే, కానీ పేగులన్నీ చుట్టి ఆలస్యంగా వస్తుంది. హెపాటిక్ ధమని బోరు పైపు. పాతిక భాగమే అయినా నేరుగా, ముందుగా చేరుతుంది. కార్జంలోనే పుట్టే క్యాన్సరు ఎక్కువగా ఈ బోరు నీళ్ళమీదే బతుకుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది.

చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు వేగంగా ఎక్కిస్తారు. (రంగుమందు అంటాం గానీ దానికి రంగేమీ ఉండదు. స్కానులో తెల్లగా కనిపిస్తుంది.) సుమారు 35 సెకన్లకు ఒకసారి, 70 సెకన్లకు ఒకసారి, 3 నుంచి 5 నిమిషాల మధ్య మరోసారి బొమ్మలు తీస్తారు. గడ్డ మొదటి బొమ్మలో తళుక్కున మెరిసి, మడంతా తడిసేసరికి చుట్టుపక్కలకన్నా నల్లబడిందంటే అనుమానించాల్సిందే. సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో 1 సెంటీమీటరు, ఆపైన ఉన్న గడ్డ ఇలా చేస్తే చాలాసార్లు సూదితో ముక్క తీయకుండానే క్యాన్సరని తేలుస్తారు. వేరేచోట పుట్టి కార్జానికి పాకిన క్యాన్సరు లెక్క వేరు.

నీటితిత్తి ఏ బొమ్మలోనూ తెల్లబడదు. హెమాంజియోమా అనే నెత్తుటినాళాల గడ్డ అంచుల్లో చుక్కలు చుక్కలుగా మొదలై మెల్లగా నడిమికి నిండుతుంది. అది క్యాన్సరు కాదు, చాలామందికి మందు కూడా అక్కర్లేదు. మా అత్తది అదే.

ఒళ్ళు కాలడం మాటకొస్తే, మందెక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, ఒంటేలు పోసుకున్నామేమో అనిపిస్తుంది. నిజంగా పోసుకోరు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆడవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారు. కాసేపట్లో అంతా తగ్గిపోతుంది. ఇంతకుముందు ఇలాంటి మందు పడకపోయినా, గర్భంతో ఉన్నా, షుగరుకు మెట్‌ఫార్మిన్ మింగుతున్నా దాచకుండా చెప్పాలి. కిడ్నీల సత్తువ తెలియడానికి ముందుగా నెత్తురులో క్రియాటినిన్ చూస్తారు.

కార్జం క్యాన్సరుకు పెద్ద కారణాల్లో హెపటైటిస్-బి ఒకటి. దాని టీకాను 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు 'షాన్‌వాక్-బి' పేరుతో ఇక్కడే తయారుచేసి తెచ్చాకే ధర దిగివచ్చింది. అంతకుముందు బయటిదేశాల టీకా కొనడం మనలాంటి ఇళ్ళకు అయ్యేపని కాదు.