వలస మాని సేద్యమునకు: మొదటి సంవత్సరము గట్టెక్కుట ఎట్లు?

నాగార్జునసాగరము మొదలుకొని దేశములోని ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టి మోసిన చేతులు పాలమూరు సీమవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెలు ఇందుకు పెట్టినది పేరు. కృష్ణయు తుంగభద్రయు తమ ఊళ్ళను ఒరసికొని పారుచున్నను, ఆ నీరు తమ చేలకు ఎక్కకపోవుటచే, ఈ ప్రజలు తట్టయు పారయు పట్టుకొని పరుల పొలములకు కాలువలు త్రవ్వబోయిరి.

కాలము మారినది. జూరాల నీరు 1990ల నడిమి నుండి అందసాగినది. ఆ తరువాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకములు వచ్చినవి. జూరాల జలాశయపు నీటిని గుడ్డెందొడ్డి వద్ద ఎత్తి గద్వాల ప్రాంతపు చేలకు మళ్ళించుచున్నారు. కొల్లాపురము చేరువన ఎల్లూరు వద్ద శ్రీశైలము వెనుక జలములను ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మరి రెండు అంచెలు ఎక్కించి, నాగర్‌కర్నూలు, కల్వకుర్తి మెట్టలకు పంపుచున్నారు. నీరు ముట్టిన ఊళ్ళకు, వెళ్ళినవారు ఒక్కొక్కరుగా తిరిగి వచ్చుచున్నారు.

అయితే వచ్చినవారందరును నిలుచుట లేదు. ఒకటి రెండు పంటలు చూచి మరల మూట కట్టుకొను కుటుంబములు కలవు. వీరు ఏల నిలువలేకపోవుచున్నారు? ఇది పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనవలసిన విషయము.

లోపము పనితనములో లేదు

“ఇరువది ఏండ్లు మట్టి పని చేసినవానికి సేద్యమేమి తెలియును?” అని కొందరు అందురు. ఈ మాట సగమే నిజము. కాలువ త్రవ్వినవానికి నేల వాలు తెలియును. గట్టు వేయుట, మడి చదును చేయుట, నీరు ఎటు పారునో చూచుట వానికి చేతిలో పని. తెలియనిది విత్తు కాలము, తెగులు గుర్తు, మందు మోతాదు. ఇవి ప్రక్క పొలపు రైతును, వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి ఒక పంటకాలములో నేర్చుకొనదగినవే.

మా దృష్టిలో అసలు చిక్కు వేరొకటి. కూలిపనిలో కడుపు వారమునకు వారము నిండును. సేద్యములో నాలుగు మాసములు పెట్టిన పిమ్మట గాని చేతికి రాదు. పాత వృత్తి రాబడి ఆగి, క్రొత్త వృత్తి రాబడి ఇంకను మొదలుకాని ఆ నడిమి కాలమే కుటుంబమును కూలద్రోయుచున్నది.

ఒక లెక్క చూతము

కాలువ క్రింద రెండెకరములున్న ఒక కుటుంబమును తలచుకొనుడు. వారు యాసంగికి పల్లి వేయదలచిరి. ఎకరమునకు 60 నుండి 80 కిలోల విత్తన గింజ కావలెను. అనగా రెండెకరములకు 120 నుండి 160 కిలోలు. దుక్కి ఖర్చు, ఎరువు వేరు. పూత దశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయవలసి యుండును. ఇంత పెట్టుబడియు దసరా, దీపావళుల నడుమ ఒక్కసారిగా కావలెను. కాయ పెరికి, ఎండబెట్టి, అమ్ముసరికి మాఘ ఫాల్గుణములు వచ్చును. అంతవరకు బియ్యము, పప్పు, వైద్యము, పిల్లల పుస్తకములు ఎట్లు?

సరిగా ఆ దినములలోనే గుంపు మేస్త్రి వాకిట నిలుచును. విత్తనమునకు రూకలు లేని ఇంటిలో అడ్వాన్సు రొక్కము పెట్టును. ఆ ఇంటి యజమాని దానిని తీసికొన్నచో దానిని సోమరితన మనరాదు. ఆకలికి అంతకంటె వేరు దారి కనబడకపోయినది. కావున వలసను ఆపదలచిన పంచాయతీ మేస్త్రికంటె ముందుగా ఆ ఇంటికి పోవలెను.

అడ్వాన్సు పేరు మారిన చాలదు

నడిగడ్డలో విత్తన పత్తి సాగు ప్రసిద్ధము. సాయంకాలము ఆడ మొక్కల మొగ్గలలోని పుప్పొడి తిత్తులను తీసి, మరునాడుదయము మగ మొక్కల పుప్పొడిని వానికి రుద్దవలెను. ఈ పని వారముల తరబడి ప్రతి దినము సాగును గనుక చేతులు మిక్కిలిగా కావలెను. పూర్వము ఈ పనికి బడి ఈడు పిల్లలను దింపిన మాట అందరెరిగినదే.

ఈ సాగులో కంపెనీకిని రైతునకును నడుమ ఆర్గనైజరు ఉండును. పెట్టుబడికి ముందు సొమ్ము అతడే ఇచ్చును. విత్తనము శుద్ధి పరీక్షలో నెగ్గకున్నచో సరుకు తీసికొనరు. అప్పు మాత్రము రైతు తలపై నిలుచును. మేస్త్రి అప్పు విడిచి వచ్చినవాడు ఇక్కడ మరియొక అప్పులో చిక్కుకొన్నచో, వృత్తి మారెను గాని బ్రతుకు మారలేదు. అట్లని విత్తన పత్తి వేయరాదని మా అభిప్రాయము కాదు. ధర ఎంత, సొమ్ము ఏనాడు, వడ్డీ ఎంత, పరీక్ష తప్పినచో నష్టము ఎవరిది అను నాలుగు మాటలు కాగితముపై లేకుండ విత్తరాదు. ఆ కాగితమును చదివి వినిపించు పని చదువు వచ్చిన వార్డు సభ్యుడు చేయదగినది.

మేస్త్రి బాకీ విషయమై చట్టమును గూడ తెలిసికొనవలెను. పని కొరకు ముందుగా సొమ్ము తీసికొనుట మాత్రమే నేరము కాదు. కాని ఆ బాకీ పేరున మనిషిని మరియొక పనికి పోనీయకున్నను, ఊరు కదలనీయకున్నను, కనీస వేతనము లేకుండ పని చేయించినను అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము అట్టి బాకీ తీర్చనక్కరలేదు. చట్టమును అమలు జరుపు బాధ్యత జిల్లా కలెక్టరుది. ఇట్టి కుటుంబము మీ ఊరికి వచ్చినచో విషయమును వ్రాతపూర్వకముగా రెవిన్యూ అధికారులకు తెలుపుడు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, జాబితా. బతుకమ్మ పండుగకు ఊరు నిండును. వలస పోయినవారును వచ్చెదరు. ఆ వారములోనే వార్డు సభ్యులు ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఈ ఏడు ఆగదలచిరో, వారికి నేల ఎంత, నీరు అందునా, పాత బాకీ ఎంత అను వివరములు వ్రాసికొనవలెను. బాకీ మాట నలుగురిలో అడుగరాదు. మనిషి చిన్నబుచ్చుకొని మౌనము వహించును.

రెండవది, ఋణము. పట్టాదారు పాసు పుస్తకము కలవారికి కిసాన్ క్రెడిట్ కార్డుపై పంట ఋణము దొరకును. 3 లక్షల రూపాయల వరకు వడ్డీ 7 శాతము. గడువులోగా చెల్లించినవారికి 3 శాతము తగ్గి, 4 శాతమే పడును. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు తాకట్టు అవసరము లేదు. దీర్ఘకాలము ఊరిలో లేనివారికి తండ్రి పేరనో తాత పేరనో భూమి ఉండుట సాధారణము. విరాసతు మార్పునకు సమయము పట్టును గనుక వేసవిలోనే పూనుకొనవలెను. కౌలుదార్లు 4 నుండి 10 మంది కలిసి ఉమ్మడి బాధ్యతా బృందముగా ఏర్పడి బ్యాంకును అడుగవచ్చును.

మూడవది, నడిమి నాలుగు మాసముల తిండి. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడు దేశములోని మొదటి 200 జిల్లాలలో నాటి ఉమ్మడి మహబూబ్‌నగరు ఒకటి. ఆ అనుభవము ఒక పాఠము నేర్పినది: పని ఎంత దొరకెను అనుటతో పాటు ఏ మాసమున దొరకెను అనునదియు ముఖ్యము. కావున పంచాయతీ తన చేతిలోని పనులను కాయ చేతికి రాకముందటి మాసములకు అమర్చవలెను. ఇంటి ఇల్లాలు మహిళా సంఘములో చేరినచో, చిన్న అవసరమునకు మేస్త్రి మొగము చూడనక్కరలేదు.

నాలుగవది, బడి. 2009 విద్యా హక్కు చట్టపు 9వ సెక్షను వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చు బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. జనన పత్రము లేదని త్రిప్పి పంపరాదు. ఈడుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. బిడ్డ బడిలో కుదిరిన ఇల్లు ఊరు విడుచుటకు ఒకటికి రెండు మారులు ఆలోచించును.

ఐదవది, నేల లేనివారి మాట. మట్టి పనికి పోయి తాపీ పని నేర్చి వచ్చినవారు పెక్కుమంది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో తాపీ పనియు ఒకటి. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. ఆ కాగితము మీ వద్ద నిలిచిపోయినచో ఒక మనిషి బ్రతుకు నిలిచిపోయినట్లే.

తొందర పెట్టరాదు

ఇంటిల్లిపాదియు ఒక్కసారిగా పాత పని మానవలెనని ఎవరిని ఒత్తిడి చేయరాదు. మొదటి ఏడు ఒకరు సేద్యము చూచుచు, మరియొకరు కూలికి పోవుట వివేకమే. రెండెకరములలో ఒక ఎకరమే వేసినను తప్పు లేదు. పండిన పల్లిలో మేలైన కాయను బాగుగా ఎండబెట్టి మరుసటి ఏటి విత్తనమునకు దాచుకొన్నచో, రెండవ ఏటి పెట్టుబడి భారము చాలవరకు తగ్గును. మొదటి పంట పోయినచో దానిని చూచి నవ్వువారు ఊరిలో ఉందురు. ఆనాడు సభ్యుడు పలికిన ఒక ధైర్యపు మాట అధికారుల పది ఉత్తరువులకంటె ఎక్కువ పని చేయును.

ఊరూరికి కాలువ త్రవ్విన మనిషి తన చేనికి పిల్లకాలువ తీసికొను దినము వచ్చినది. ఆ చేను పచ్చబడు వరకు, ఆ నాలుగు మాసములు, వానికి తోడుగా నిలుచుట పంచాయతీ ధర్మము. రాబోవు బతుకమ్మకు ముందే మీ ఊరి జాబితా సిద్ధము చేయుడు.