బొగ్గు పొయ్యిలో వందేళ్ల పిజ్జా: పెపే కుటుంబం కథ

మీ ఊళ్లో బాగా పేరున్న టిఫిన్ సెంటర్ ఒకటి ఉందనుకోండి. పెద్దాయన పోయాక పిల్లలు చూసుకుంటున్నారు. కొన్నాళ్లకి పక్క ఊళ్లో బ్రాంచి పెట్టారు. అక్కడ తిన్న ప్రతి ఒక్కడూ అనేది ఒకటే మాట, "పాత హోటల్ టేస్ట్ రాలేదు రా." మరి ఆ టేస్ట్ ఎక్కడుంది? చేసే మనిషి చేతిలోనా, పొయ్యిలోనా, లేక ఆ వీధిలోనా? ఈ ప్రశ్నకి వందేళ్లుగా తలపడుతున్న ఒక కుటుంబం ఉంది. ఈరోజు వాళ్ల కథ చెప్తాను.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, న్యూ హేవెన్ సిటీ. యేల్ యూనివర్సిటీ ఉన్న ఊరు. అక్కడ వూస్టర్ స్ట్రీట్ అని ఇటాలియన్లు ఎక్కువగా ఉండే వీధి. ఫ్రాంక్ పెపే అనే కుర్రాడు ఇటలీలోని మయోరి అనే సముద్రం ఒడ్డు ఊరి నుంచి 1909లో, టీనేజ్‌లోనే, అమెరికా వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం వస్తే తిరిగి ఇటలీ వెళ్లి సైన్యంలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక ఫిలొమేనాని పెళ్లి చేసుకుని మళ్లీ న్యూ హేవెన్ చేరాడు. కొన్నాళ్లు మాకరోనీ తయారుచేసే చోట, తర్వాత బ్రెడ్ బేకరీలో పని.

తర్వాత సొంతంగా బ్రెడ్ కాల్చి, బండి మీద ఇంటింటికీ వేయడం మొదలుపెట్టాడు. అక్కడే చిక్కొచ్చి పడింది. ఆయనకి చదవడం, రాయడం రాదు. ఎవరింటికి ఎన్ని వేశాం, ఎవరు బాకీ ఉన్నారు, ఈ లెక్క రాసుకునే దారి లేదు. దాంతో, నేను మీ ఇంటికి రాను, మీరే నా దగ్గరికి రండి అనే పద్ధతికి మారిపోయాడు. 1925లో పిజ్జా షాపు పెట్టాడు. రాసుకోవడం రాక డెలివరీ మానేసిన మనిషి షాపు ముందు ఇప్పుడు జనం క్యూలో నిలబడుతున్నారు! భార్య ఇంగ్లిష్ నేర్చుకుని బయటివాళ్లతో వ్యవహారం చూసుకుంది. షాపు మీద పేరు ఫ్రాంక్‌దే ఉంటుంది గానీ, నన్నడిగితే సగం పేరు ఫిలొమేనాకి రావాలి.

మొదట్లో మెనూ చాలా చిన్నది. టొమాటో, వెల్లుల్లి, ఆరిగానో, ఆలివ్ నూనె, పైన తురిమిన చీజ్ వేసిన టొమాటో పై ఒకటి. దాని మీదే ఆంకోవీ చేపలు వేసింది ఇంకోటి. అంతే. అక్కడ ఈ పిజ్జాని 'అపీజ్జా' అని రాస్తారు, పలకడం మాత్రం 'అబీట్స్' అంటారు, నేపుల్స్ వైపు యాస అది. ఇంకో తమాషా, న్యూ హేవెన్‌లో 'ప్లెయిన్' అని ఆర్డర్ ఇస్తే మోజరెల్లా రాదు. అది అక్కడ విడిగా అడిగి వేయించుకునే టాపింగ్. చీజ్ బరస్ట్‌కి అలవాటుపడిన మనకి ఇది పెద్ద షాకే.

ఇక పొయ్యి సంగతి. ఇటుకలతో కట్టిన పెద్ద బొగ్గు పొయ్యి అది. వేడి సుమారు 600 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 315 సెల్సియస్. మామూలు ఇంటి ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది. బొగ్గు మంటలో పొగ తక్కువ, పొడి వేడి ఎక్కువ. అందుకే రొట్టె పైన కరకరలాడుతూ, లోపల సాగుతూ వస్తుంది, అంచుల్లో నల్ల మచ్చలు పడతాయి. మా అమ్మ చూస్తే "మాడగొట్టావు కదరా" అంటుంది. అక్కడి వాళ్లకి మాత్రం ఆ మచ్చలే రుచి. షేపు కూడా చక్కటి గుండ్రం కాదు, వంకరటింకరగా ఉంటుంది.

షాపు బాగా నడుస్తోందనగా బిల్డింగ్ ఓనర్లు మా చోటు మాకు కావాలన్నారు. అక్కడ వాళ్లే పిజ్జా షాపు పెట్టారు, పేరు 'ది స్పాట్'. 1930ల మధ్యలో పెపే ఎంతో దూరం పోలేదు, పక్క బిల్డింగ్‌లోకే మారాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ పాత చోటుని కూడా పెపే కుటుంబమే కొనేసింది. సినిమా క్లైమాక్స్ లాంటి సీను, కానీ నిజం.

బాగా పేరు తెచ్చింది మాత్రం వైట్ క్లామ్ పిజ్జా. క్లామ్స్ అంటే సముద్రపు చిప్పల్లో ఉండే మాంసం. ముందు వాటిని పచ్చిగా, చిప్పలోనే పెట్టి స్టార్టర్‌గా ఇచ్చేవాళ్లు. 1960ల్లో అవి పిజ్జా మీదికెక్కాయి. టొమాటో లేదు, మోజరెల్లా లేదు. క్లామ్స్, వెల్లుల్లి, ఆరిగానో, ఆలివ్ నూనె, తురిమిన చీజ్, అంతే.

ఫ్రాంక్ 1969లో పోయాడు. ఇద్దరు కూతుళ్లు ఎలిజబెత్, సెరఫీనా నడిపారు, తర్వాత మనవల చేతికి వచ్చింది. కుటుంబ వ్యాపారాల్లో అసలు గండం ఇక్కడే ఉంటుంది. అదే వీధిలో ఫ్రాంక్ మేనల్లుడు సాల్వటోర్ కన్సీల్యో 1938లో పెట్టిన 'సాలీస్' కూడా అంతే ఫేమస్. దాన్ని 2017లో కుటుంబం బయటివాళ్లకి అమ్మేసింది. తప్పు అనను. పొద్దస్తమానం పొయ్యి ముందు నిలబడే పని పిల్లలు కూడా చేయాలని రూలేం లేదు కదా.

పెపే మనవలు వేరే దారి పట్టారు. 2006లో ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊళ్లో మొదటి బ్రాంచి తెరిచారు. గ్యాస్ ఓవెన్ పెడితే ఖర్చు తగ్గేది, పని తేలికయ్యేది. వాళ్లు మాత్రం వూస్టర్ స్ట్రీట్ పొయ్యి కొలతలు తీసుకుని, అదే తీరులో ఇటుక ఇటుక పేర్చి బొగ్గు పొయ్యి కట్టించారు. అంటే తాతగారి చేతిని తీసుకెళ్లలేం, ఆ వీధినీ తీసుకెళ్లలేం, పొయ్యినైతే తీసుకెళ్లగలం అని లెక్క వేశారు. తర్వాత వేరే రాష్ట్రాల్లో కూడా బ్రాంచిలు వచ్చాయి. అయినా మొదటి షాపుదే అసలు రుచి అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొయ్యి లెక్క కరెక్టే అని నా ఓటు, కాకపోతే క్యూలో గంట నిలబడ్డ ఆకలి కూడా రుచిలో కలుస్తుంది. దాన్ని ఏ మేస్త్రీ కట్టలేడు.

కనెక్టికట్‌లో చదువుకుంటున్న మన తెలుగు స్టూడెంట్స్ ఎవరైనా చూస్తుంటే, ఫస్ట్ టైమ్ వెళ్లినప్పుడు టొమాటో పైతో మొదలుపెట్టండి. మోజరెల్లా కావాలంటే 'మూట్స్' అని నోరు తెరిచి అడగండి, లేకపోతే వేయరు.