నీలి నాలుక

వానలు వెనుదిరిగే రోజుల్లో వేంపల్లె చుట్టుపక్కల గొర్రెల కాపరులు జీవాల మూతులు పట్టి చూస్తారు. పెదవులు వాచి, చొంగ కారుతూ, చిగుళ్ల మీద పుండ్లు లేచి మేత మానేసిందంటే నీలి నాలుక సోకిందేమోనన్న భయం. మూతివాపు అన్నా ఇదే. జబ్బు ముదిరిన కొన్నింటికి రక్తంలో ప్రాణవాయువు తగ్గి నాలుక నీలంగా మారుతుంది. గిట్టల పైభాగం వాచి కుంటుతాయి కూడా.

మన దేశంలో దీన్ని 1964లో తొలిసారి గుర్తించారు.

కారకం ఆర్బివైరస్. కొవ్వు పొర లేని ఈ వైరస్‌లో ప్రోటీన్లు మూడు పొరలుగా అమరి, లోపల 10 ముక్కల జంటపోగు ఆర్‌ఎన్‌ఏను కాపాడతాయి. దాని లోపలి గుళ్ల నిర్మాణాన్ని ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 1998లో అణువుల స్థాయిలో ఆవిష్కరించారు. అసలు చిక్కంతా పై పొరలోని వీపీ2 ప్రోటీన్‌తోనే. అది మారితే వైరస్ రకం మారుతుంది, ఒక రకం టీకా మరో రకాన్ని సరిగా ఆపలేదు. అందుకే 2015లో మన దేశంలో వచ్చిన టీకాలో ఐదు రకాలు కలిపారు.

గొర్రె నుంచి గొర్రెకు వైరస్‌ను మోసేది క్యులికాయిడిస్ అనే అతిచిన్న కుట్టే ఈగ. తడి పేడలో, బురదలో పెరుగుతుంది. దొడ్డి పొడిగా ఉంచడం, వానలకు ముందే టీకా వేయించడం చాలా ముఖ్యం. జబ్బు వచ్చాక వైరస్‌ను చంపే మందు లేదు. పుండ్లు కడిగి బోరో గ్లిజరిన్ పూసి, గంజి తాగించాలి. మనుషులకు ఇది సోకదు.