‘హ్యావ్’ అనే క్రియ – మన రెండు భాషలు

ఉద్యోగార్థం మౌఖిక పరీక్షకు వెళ్ళిన మన జిల్లా విద్యార్థి ఒకడు, కుటుంబ విషయం అడగగా “ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్” అన్నాడు. ఎదుట కూర్చున్న పెద్దలలో ఒకరు నవ్వారు. ఆపై అతడు తెలిసిన ప్రశ్నలకు సైతం సమాధానం చెప్పలేకపోయాడు. ఆ తప్పు తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదని విన్నవించడానికే ఈ వ్యాసం.

‘హ్యావ్’కు సరితూగే క్రియ తెలుగులో లేదు, ఉర్దూలోనూ లేదు. ఉర్దూ ఇంగ్లీషుకు దూరపు చుట్టమే అయినా, ఈ విషయంలో మాత్రం ద్రావిడభాషయైన తెలుగు పక్షమే వహించింది. ‘హ్యావ్’ అనే మాటకు మూలార్థం పట్టుకొనుట. మనం దేనినీ పట్టుకొనము. అదే మనకు, మన దగ్గర ఉంటుంది. ‘కలిగి ఉన్నాను’ అనే ప్రయోగం అనువాద గ్రంథాలలో కనబడుతుందే కాని, కరీంనగర్ అంగడిలో గాని ఆదిలాబాద్ బస్టాండులో గాని వినబడదు.

పైగా ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టిన చోట మనవి సూక్ష్మభేదాలు పాటిస్తాయి. “నాకు అన్న ఉన్నాడు”, “నా దగ్గర పుస్తకం ఉన్నది”, “నాకు జ్వరం వచ్చింది” అని తెలుగు. “మేరా ఏక్ భాయీ హై”, “మేరే పాస్ కితాబ్ హై”, “ముఝే బుఖార్ హై” అని ఉర్దూ. ఇంటి భాషలో సామ్యం మరింత స్పష్టం: ఒకరు “నా తాన పైసల్లేవు” అంటే, పొరుగింటి దక్కనీవారు “మేరే కనే పైసే నహీఁ” అంటారు. అరబ్బీలో సైతం “ఇందీ కితాబ్” అంటే నా దగ్గర పుస్తకం అనే అర్థం. “ఐ హ్యావ్ టు గో” అన్న చోట కూడ మనకు “వెళ్ళవలసి ఉన్నది”, “జానా హై” అని ఉనికిని తెలిపే క్రియయే వస్తుంది.

ఇక ఆ తప్పు పుట్టిన తీరు. “వెళ్తూ ఉన్నాను” అంటే “ఐ యామ్ గోయింగ్” అని బడిలో నేర్చుకున్నాము. “చెల్లెళ్ళు ఉన్నారు” అనగానే మనస్సు అదే అచ్చులో పోసి ‘యామ్ హ్యావింగ్’ చేసిందని నా ఊహ. ఈ ప్రయోగం దేశమంతటా ఉన్నది. భాషావేత్తలు దీనిని భారతీయాంగ్ల లక్షణాలలో ఒకటిగా పేర్కొన్నారు. అయినా పరీక్షలో “ఐ హ్యావ్ టూ సిస్టర్స్” అనడమే క్షేమం.

అలాగని ‘హ్యావింగ్’ను పూర్తిగా నిషేధించే ఉపాధ్యాయులతో నేను ఏకీభవించను. “ఐ యామ్ హ్యావింగ్ లంచ్” నిర్దుష్టమైన వాక్యం. భోజనం మొదలై ముగుస్తుంది, తోబుట్టువుల బంధం ముగియదు అని ఆ విద్యార్థికి చెప్పాను.

“జ్వరం కూడ వచ్చి పోతుంది కద సార్! మరి ‘ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్’ అనవచ్చునా?” అన్నాడు.

నా సూత్రం చాలలేదు. సవరించి చెప్పాను: భోజనం మనం చేసే పని, జ్వరం మనం చేసేది కాదు, కనుక “ఐ హ్యావ్ ఎ ఫీవర్”.