తీగలు మోయు వంతెన

హిందూపురము దాపున పెన్నను, ధర్మవరమువద్ద చిత్రావతిని చూచువారికి వంతెన యనగా వరుసగా నిలిచిన స్తంభములే స్ఫురించును. ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే కానవచ్చు ఏటిలో స్తంభము నాటుటకు అడ్డేమి? ఓడరేవు దారి సంగతి వేరు. అచ్చట ప్రతి స్తంభమును ఓడకు గండమే.

1980 మే 9వ తేదీన అమెరికాలోని టాంపా అఖాతమున, జడివానలో దారి కానరాక, ఒక సరకు ఓడ సన్‌షైన్ స్కైవే వంతెన స్తంభమును ఢీకొన్నది. రోడ్డు విరిగి నీటఁ బడినది. 35 మంది మరణించిరి. 1987లో తెరచిన క్రొత్త వంతెనలో, ఓడలదారిపై స్తంభముల నడుమ 1200 అడుగుల ఎడము నుంచిరి. వాని చుట్టును రక్షణకై పెద్ద దిమ్మెలను గట్టిరి.

నడుమ ఆధారము లేక అంత రోడ్డు ఎట్లు నిలుచును? ధర్మవరపు మగ్గముపై బిగించిన పడుగును తలచుకొనుడు. పట్టుపోగు లాగఁగలదు గాని నెట్టజాలదు. ఉక్కుతీగయు నంతే. ఎత్తైన స్తంభమునుండి ఇరుప్రక్కలకు ఏటవాలుగా దిగిన తీగల కట్టలు రోడ్డును పైకి లాగి పట్టును. ఒకప్రక్క లాగుడును రెండవప్రక్క లాగుడు సరితూచును. బరువంతయు స్తంభము గుండా నేలకు దిగును. కట్టు పద్ధతి మరింత ముచ్చటైనది. రోడ్డు ముక్కలను ఇరువైపులను సమముగా చేర్చుచు, తీగలు తగిలించుచు పోవుదురు గనుక నీటిలో సారువలు నిలుపనక్కరలేదు.

హైదరాబాదులో దుర్గం చెరువుపై 2020 సెప్టెంబరు 25న తెరచిన వంతెన దీనికి దగ్గరి చుట్టమే. నడిమి ఎడము సుమారు 234 మీటర్లు. స్తంభములు పొట్టివి, తీగలు వాలు తగ్గి దిగును, అందుచే రోడ్డు దూలమే బరువులో పెద్ద పాలు మోయుచున్నది.